కొండప్ప శాలువా

మదనపల్లె సిటిఎం రోడ్డులో, పాత కిరసనాయిలు డిపో పక్కన, రెండు గదుల పఠన మందిరం ఒకటి ఉండేది. ఎవరో పెద్దమనిషి తండ్రి పేరున కట్టించి ట్రస్టుకు రాసిచ్చిపోయిన ఇల్లు అది. ముందు గదిలో దినపత్రికలు, వెనక గదిలో నాలుగు వేల పుస్తకాలు, రెండింటికీ నడుమ గుమ్మం దగ్గర ఒక బల్ల, ఆ బల్ల వెనక సుశీలమ్మ. ఇరవై ఆరేళ్లు ఆమె అక్కడే కూర్చుంది. ఇప్పుడు ఆ చోట సెల్‌ఫోన్ల అంగడి ఉంది. అటుగా పోయేటప్పుడు ఆమెకు ఇప్పటికీ పాత కాగితాల వాసన తగిలినట్టే ఉంటుంది.

సుశీలమ్మకు రెండింటి మీద గర్వం ఉండేది. ఒకటి తన చేతిరాత, రెండోది తన తెలుగు. పొద్దున్నే దినపత్రిక రాగానే పెన్సిలు తీసుకుని అందులోని తప్పులకు సున్నాలు చుట్టేది. ఆ తర్వాతే పాఠకులకు ఇచ్చేది. "అమ్మా, వార్త సదవాల్నా, నీ సున్నాలు సదవాల్నా?" అని నవ్వేవాడు సుబ్రహ్మణ్యం. ఎదురు వరసలో అతనికి జిరాక్సు అంగడి ఉండేది. పఠన మందిరానికి కార్యదర్శి కూడా అతనే. పేరుకే కార్యదర్శి గానీ, బల్బు మార్చడం దగ్గర్నుంచి వానాకాలం పెంకులు సర్దించడం దాకా అన్నీ అతని నెత్తిమీదే ఉండేవి.

ఆ రోజుల్లో కొండప్ప అని ఒక రేడియో మెకానిక్కు ఉండేవాడు. ముసలివాడైపోయి అంగడి మూసేశాక, గురువారం గురువారం వచ్చి పఠన మందిరం మెట్ల మీద కూర్చునేవాడు. ఎవరు వచ్చి అడిగినా రేడియో విప్పి, లోపల ఏ తీగ ఎందుకుందో చెప్పేవాడు. పాత క్యాలెండర్ల వెనక బొమ్మలు గీసి ఇచ్చేవాడు. కాఫీ కూడా తన డబ్బుతోనే తాగేవాడు. తొంభైమూడు శ్రావణంలో పోయాడు. పోయిన మూడోనాడు పఠన మందిరం ముందు ఏడుగురు మగమనుషులు వచ్చి నిలబడ్డారు. ఒకరు కలికిరి నుంచి, ఇద్దరు పుంగనూరు నుంచి, ఒకాయన గుర్రంకొండ నుంచి. అందరూ మెకానిక్కులే, అందరూ ఆ మెట్ల మీద నేర్చుకున్నవాళ్లే. కలికిరి ఆయన కళ్లు తుడుచుకుంటూ అన్నాడు: "మా అంగడి బోర్డు మింద ఆయన పేరు రాపించినానమ్మా. ఒగ దినం తోడుకొని పోయి సూపియ్యల్లని అనుకుంటానే ఉంటిని."

ఆ మాట సుశీలమ్మను పట్టుకుంది. పోయిన తర్వాత వచ్చి ఏడిస్తే ఆ మనిషికి తెలిసేదెట్లా? ఆ సాయంత్రమే సుబ్రహ్మణ్యంతో చెప్పింది. "విద్య చెప్పి ఎవరి దగ్గరా ఏమీ తీసుకోనివాళ్లు మన పక్క ఇంకా ఉండారు సుబ్రహ్మణ్యం. వాళ్లు బతికుండంగానే మనం చెప్పాల." అట్లా పుట్టింది ఆ పురస్కారం. కాగితాల మీద దాని పేరు 'కొండప్ప స్మారక విద్యాదాన పురస్కారం'. జనం నోట్లో మాత్రం 'కొండప్ప శాలువా'. ఏటా గ్రంథాలయ వారోత్సవాల చివరి రోజు, నవంబరు ఇరవైన, ఒక శాలువా, ఒక పూలదండ, బతికున్నంత కాలం పఠన మందిరంలో సభ్యత్వం. అంతకుమించి ఏమీ లేదు. అయినా ఆ రోజు రోడ్డు మీద బెంచీలు వేయాల్సి వచ్చేది.

మొదటి ఏడు శాలువా ఒక రిటైర్డు కాంపౌండరుకు కప్పారు. ఆసుపత్రి వరండాలో కూర్చుని, చదువు రాని ఆడవాళ్లకు ఏ మాత్ర ఎప్పుడు వేయాలో చీటీ మీద సూర్యుడూ చంద్రుడూ బొమ్మలు వేసి నేర్పేవాడాయన. మరొక ఏడు నీరుగట్టువారిపల్లెలో మగ్గం డిజైన్లు గీయడం నేర్పే రేష్మకు దక్కింది. ఆమె స్టేజీ ఎక్కి, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని, నవ్వు ఆపుకోలేక దిగిపోయింది. ఆ నవ్వు తలచుకుంటే సుశీలమ్మకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎవరికి ఇవ్వాలా అని ప్రతి ఎండాకాలం ఆమె, సుబ్రహ్మణ్యం బస్సులెక్కి తిరిగేవాళ్లు. వేరుసెనక్కాయల పొట్లం ఒళ్లో పెట్టుకుని, ఎవరో చెప్పిన ఊరికి పోయి, ఎవరో చెప్పిన మనిషిని వెతకడమంత సంతోషం ఆమెకు మళ్లీ దొరకలేదు.

తొంభైఎనిమిది ఆషాఢంలో, ఎవరో తిరిగి ఇచ్చిన పుస్తకంలో ఒక కాగితం దొరికింది. నోటుపుస్తకం నుంచి చించిన పేజీకి జిరాక్సు. ఆ జిరాక్సుకు మళ్లీ జిరాక్సు. సగం అక్షరాలు మాసిపోయాయి. పట్టుపురుగులు పెంచేవాళ్ల కోసం ఎవరో రాసింది. ఆకు ఎట్లా తరగాలి, తట్టలు ఎట్లా కడగాలి, ఎండపొద్దున గోనెపట్టలు ఎట్లా తడిపి కట్టాలి. వరస నంబర్లు వేసి, మొత్తం ఇరవై రెండు మాటలు. కింద పేరు లేదు. దానికి బదులు, 'ఎవురన్నా రాసుకోవచ్చు, ఎవురికన్నా ఇయ్యొచ్చు' అని ఉంది.

సుశీలమ్మకు ఆ చివరి మాట మనసుకు పట్టేసింది. రాత మాత్రం నచ్చలేదు. 'సల్లు', 'ఎయ్యొద్దు', 'లేసినంక'. ఇంత మంచి విషయం ఇట్లాంటి తెలుగులో ఉండడం ఆమెకు బాధ అనిపించింది. రెండు రోజులు కూర్చుని మొత్తం తిరగరాసింది. మాసిన చోట ఊహించి పూరించింది, యాస తీసేసింది, వాక్యాలు దిద్దింది. తెల్ల కాగితం మీద నల్ల సిరాతో, పెళ్లిపత్రికలా రాసింది. సుబ్రహ్మణ్యం రెండు వందల కాపీలు తీశాడు. ఆ కాగితం పుంగనూరు దాటింది, పలమనేరు దాటింది. సంతల్లో దాన్ని 'పఠనమందిరం కాగితం' అనేవాళ్లు.

మరుసటి ఏడు శాలువా ఎవరికి అన్న మాట వచ్చినప్పుడు ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. ఆ పేరు లేని మనిషికే ఇవ్వాలి. కానీ ఎవరది?

"కాగితం ఎట్ల వచ్చిందో అట్లనే ఎనక్కి పోదాం," అన్నాడు సుబ్రహ్మణ్యం.

పుస్తకం తిరిగి ఇచ్చింది పుంగనూరులో ఎరువుల అంగడి పెట్టుకున్న హరినాథ్ తమ్ముడు. సెప్టెంబరులో ఒక సోమవారం ఇద్దరూ పుంగనూరు బస్సెక్కారు. హరినాథ్ మంచి మాటకారి. ఎరువుల మూటల మీద గోనెపట్ట పరిచి కూర్చోబెట్టి, టీ తెప్పించాడు.

"నేను రాసింది కాదమ్మా. కుప్పం పక్క మా అత్తగారి ఊళ్లో ఒకామె ఉండాది, సిద్దమ్మ. ఇంటింటికీ పోయి పురుగుల మేపు సెప్తాది. ఆమె మాటలే అయ్యి. నేను ఊరికే జిరాక్సు తీయించినా." టీ గ్లాసు కింద పెట్టి, కొంచెం ఆగి అన్నాడు: "మీరు మల్ల రాసిన కాగితం సూసినా. శానా అందంగా ఉండాది. కానీ పెద్దపంజాణి పక్క గురప్ప అని ఒకాయప్ప, ఆ కాగితం నమ్ముకొని పురుగంతా పోగొట్టుకొంటినని తిరగతా ఉండాడు."

సుశీలమ్మ ముఖం ముడుచుకుంది. "కాగితంలో చెప్పినట్టు చేసుంటే ఎట్లా పోతుందప్పా? ఏదో తను చేసిన తప్పు కాగితం మీద పెడతా ఉండాడు."

హరినాథ్ సిద్దమ్మ ఊరికి దారి చెప్పి పంపాడు. బస్సులో కూర్చున్నాక కూడా ఆమె ఆ మాటే అనుకుంది. జనం అట్లాగే, మంచి చేస్తే కూడా నిందే అని. వి.కోట దాటేదాకా సుబ్రహ్మణ్యంతో సరిగ్గా మాట్లాడలేదు.

కుప్పంలో దిగి, గుడుపల్లె పోయే బస్సెక్కి, మధ్యలో ఒక పల్లెలో దిగారు. సిద్దమ్మ ఇల్లు అడిగితే ఊరి పిల్లలందరూ ముందు నడిచి చూపించారు. మల్బరీ తోటల నడుమ తాటాకుల కొట్టం, దాని పక్కన ఒంటి గది ఇల్లు. కొట్టం గడప దగ్గర నల్లగా, ఎండిన చింతబరికెలా ఉన్న ముసలమ్మ చేయి అడ్డం పెట్టింది.

"ఆడనే నిలబడండి. పురుగు కాడికి ఎవురూ రాకూడదు. చెప్పులు ఆ పక్క ఇడిసి, ఇంటికాడికి పోయి కూసోండి. వస్తాండాను."

ఆమే సిద్దమ్మ. ముప్పై ఏళ్లు ఇతరుల పురుగుల ఇళ్లలో కూలికి పోయిన మనిషి. ఇప్పుడు పక్కింటివాళ్ల కొట్టంలో కూతురుతో కలిసి మేపు చేస్తోంది. కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి, కొంగుతో తుడుచుకుంటూ ఇంటి ముందు అరుగు మీద కూర్చుంది. సుబ్రహ్మణ్యం తాము వచ్చిన పని చెప్పాడు. శాలువా అన్నాడు, దండ అన్నాడు, మదనపల్లెలో సభ అన్నాడు. ఆమె విన్నది గానీ ముఖంలో సంతోషమూ లేదు, ఆశ్చర్యమూ లేదు.

"కాగితం రాసింది నేను గాదప్పా. నాకు రాయను రాదు. మా మనవరాలు అంబిక రాసింది. అందరిండ్లకీ తిరిగి సెప్పలేక, మోకాళ్లు నొచ్చి, రాసి పెట్టు పాపా అంటిని. ఎనిమిదో తరగతి అబుడు."

పక్కనే నిలబడి ఉంది అంబిక. రెండు జడలు, స్కూలు డ్రెస్సు. సుశీలమ్మ సంచిలోంచి తన కాగితం తీసి, ఆ పిల్ల చేతికి ఇచ్చింది. నిజం చెప్పాలంటే, చూసి మెచ్చుకుంటుందని ఇచ్చింది.

"బాగుండాదక్కా," అంది అంబిక. "అవ్వా, మన కాగితమే. ఎంత బాగ రాసినారో సూడు."

"సదువు," అంది సిద్దమ్మ.

అంబిక బళ్లో పాఠం చదివినట్టు గట్టిగా చదవసాగింది. సిద్దమ్మ కళ్లు మూసుకుని, ఒక్కో మాటకు తల ఆడిస్తూ విన్నది. ఎనిమిదో మాట దగ్గర ఆమె తల ఆగిపోయింది.

"అది మల్ల సదువు."

"జబ్బుపడిన పురుగులకు ఆకు వేయరాదు. వాటిపై సున్నపుపొడి చల్లవలెను. అవి పూర్తిగా కోలుకున్న పిమ్మట ఆకు వేయవలెను."

సిద్దమ్మ కళ్లు తెరిచింది. "నేను అట్ల సెప్పలేదే. పాపా, నువ్వు ఏమని రాస్తివి?"

అంబికకు ఆ పేజీ కంఠతా వచ్చు. "పురుగు జ్వరంలో ఉండేటబుడు ఆకు ఎయ్యొద్దు. సున్నప్పొడి సల్లు. పురుగంతా జ్వరం లేసినంక ఆకు ఎయ్యి."

"ఆఁ, అదీ. జ్వరం."

సుశీలమ్మ నెమ్మదిగా అడిగింది. "జ్వరమన్నా జబ్బన్నా ఒకటే కదమ్మా?"

ముసలమ్మ ఆమె ముఖంలోకి చూసింది. అందులో కోపం లేదు. చిన్నపిల్లకు చెప్పబోయే ముందు చూసే చూపు. "మనిషికి జ్వరమంటే జబ్బేనమ్మా. పురుక్కి గాదు. పురుగు పెరిగేటబుడు నాలుగు తూర్లు తోలు ఇడుస్తాది. ఆ పొద్దు ఆకు తినదు, తల పైకెత్తి కదలకుండా ఉంటాది. దాన్నే జ్వరం అంటాము. మంచి పురుక్కే వస్తాది జ్వరం. వచ్చి లేస్తేనే పెద్దదయితాది. అబుడు ఆకేస్తే ఆకు కుళ్లిపోతాది, పురుగు కిందుండే పక్క తడవతాది. అందుకే సున్నం."

"మరి జబ్బు పురుగు?"

"జబ్బు పురుగు కోలుకొనేది యాడుండాది? ఏరి, దూరంగా గుంత తీసి పూడ్సల్ల. కోలుకొంటాదిలే అని తట్టలో పెట్టుకొంటే, రెండు దినాల్లో ఇల్లంతా అంటుకుంటాది." ఆమె గొంతు ఒక్కసారిగా గట్టిపడింది. "ఎవురు మార్చినారు ఇట్ల?"

సుబ్రహ్మణ్యం నేల చూపులు చూస్తున్నాడు. అతనికి తెలుసు. ఆ కాగితానికి మొదటి జిరాక్సు తీసిన చేయి అతనిదే.  కానీ సుశీలమ్మ పక్కన కూర్చుని ఆమె పేరు చెప్పలేకపోయాడు.

పుంగనూరులో విన్న మాట సుశీలమ్మకు అప్పుడు అర్థమైంది. గురప్ప అనే ఆయన ముఖం ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియదు. పెన్సిలు సున్నాలు చుట్టే తన వేళ్లు మాత్రం కళ్ల ముందే ఉన్నాయి.

"నేనేనమ్మా మార్చింది," అంది. "నీ మాట నాకు మొరటుగా అనిపించింది. దిద్దినాను. అర్థం అడగలేదు."

అంబిక కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుంది. కొట్టంలోంచి పురుగులు ఆకు తినే సన్నటి చప్పుడు వినబడుతోంది. సిద్దమ్మ కాలి గోటితో మట్టి గీకింది.

"తెలిసి రాసింటావా? తెల్దు గాబట్టి రాస్తివి," అంది చివరికి. "ఇబుడు తెలిసింది గదా. శాలువా మాట తరవాత. ముందు పోయి యాడాడ ఉండాదో ఆ కాగితం, అంతా దిద్దు. దిద్దేదాకా నేను రాను."

ఆ పూట భోజనం పెట్టకుండా మాత్రం పంపలేదు. రాగిముద్ద, అలసందల పులుసు. సుశీలమ్మ ముద్ద కెలుకుతూ కూర్చుంది. సిద్దమ్మ పక్కన కూర్చుని, తినేదాకా లేవలేదు.

తిరుగు ప్రయాణంలో సుబ్రహ్మణ్యం నేరుగా మదనపల్లెకు టిక్కెట్టు తీయబోతే ఆమె వద్దంది. "పెద్దపంజాణికి తియ్యి."

"ఈ పొద్దేనా అమ్మా? మొగం సూడు ఎట్లుండాదో."

"ఈ పొద్దే."

గురప్ప ఇల్లు ఊరి చివర. మల్బరీ పీకేసిన చేనులో టమోటా నాటుతున్నాడు. యాభై ఏళ్లుంటాయి, పొడుగాటి మనిషి. గట్టు మీద నిలబడి ఆమె తనెవరో చెప్పింది. ఏం చేసిందో చెప్పింది. ఒక్క మాటా దాచలేదు. అతని భార్య ఈశ్వరమ్మ నారు కట్ట చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

గురప్ప చేతి మట్టి దులుపుకుని గట్టెక్కాడు. "కొత్తగా మొదలుపెట్టినా నేను. మా వంశంలో ఎవురూ పురుగు పెంచలేదు. పాలరోగం వచ్చినాది. మా పక్కింటాయప్ప సెప్పినాడు, ఏరి పారెయ్యి గురప్పా అని. నేను ఇనలేదు. యాలంటే..." అతను ఆగి, ఆమె చేతుల వైపు చూశాడు. "కాగితం మింద నీ రాత ముత్యాల మాదిరి ఉండె. ఇంత బాగ రాసినోళ్లు తప్పు సెప్తారా అనుకొంటిని. సున్నం సల్లి, కోలుకొంటాయని కూసుంటిని."

సుశీలమ్మకు ఏడుపొచ్చింది. ఏడవడం కూడా అతని దగ్గర ఏదో అడిగినట్టవుతుందని ఆపుకుంది. "క్షమించమని అడగడానికి కూడా నాకు నోరు రావడం లేదప్పా."

"నువ్వు వచ్చినావు. అది సాలు," అన్నాడు గురప్ప. కానీ ఆ గొంతులో చాలు అన్న తీరు లేదు. ఈశ్వరమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. అతను మళ్లీ చేనులోకి దిగిపోయాడు.

ఆ అక్టోబరంతా వాళ్లిద్దరూ ఊళ్లు తిరిగారు. ఈసారి వేరుసెనక్కాయలు కొనలేదు. సుబ్రహ్మణ్యం అంగడికి తాళం వేసి, సంచి నిండా కొత్త కాగితాలు మోసుకొచ్చేవాడు. వాటి మీద సిద్దమ్మ మాటలు సిద్దమ్మ నోట వచ్చినట్టే ఉన్నాయి. సల్లు, ఎయ్యొద్దు, లేసినంక. కింద మాత్రం సుశీలమ్మ రెండు వాక్యాలు చేర్చింది. 'ఇంతకు ముందు ఇచ్చిన కాగితంలో ఎనిమిదో మాట తప్పు. ఈ కాగితంలో తప్పుంటే పోస్టుకార్డు రాయండి.' ఎరువుల అంగళ్లలో, పట్టుగూళ్ల మార్కెట్లో, సంతల్లో, గోడల మీద అతికించిన ప్రతి పాత కాగితం తనే గోటితో గీకి తీసింది. ఒక చోట ఒక రైతు దాన్ని దేవుడి పటం పక్కన పెట్టుకుని ఉన్నాడు. అది తీయమని చెప్పడానికి ఆమెకు ఎంతసేపు పట్టిందో సుబ్రహ్మణ్యానికే తెలుసు.

నవంబరు ఇరవైన సిద్దమ్మ వచ్చింది. అంబిక చేయి పట్టుకుని, ఉతికి మడిచిన ముదురు పసుపు చీరలో, కుప్పం నుంచి మూడు బస్సులు మారి. సభ మొదలయ్యే ముందు సుబ్రహ్మణ్యం సుశీలమ్మను పక్కకు పిలిచాడు.

"అమ్మా, కాగితం తప్పు సంగతి ఈడ ఎత్తొద్దు. దిద్దేస్తిమి గదా. పఠన మందిరం పేరు పోతాది."

"పేరు సంగతి నాకొదిలెయ్యి," అంది ఆమె.

మైకు ముందు నిలబడి ఆమె అంతా చెప్పింది. గురప్ప పేరు చెప్పలేదు, కానీ ఒక రైతు నష్టపోయాడని, అది తన పొగరువల్లేనని చెప్పింది. బెంచీల మీద గుసగుసలు మొదలయ్యాయి. రోజూ పత్రిక చదవడానికి వచ్చే ముసలాయన ఒకరు లేచి వెళ్లిపోయారు కూడా. ఆ తర్వాత ఆమె సిద్దమ్మకు శాలువా కప్పింది. సిద్దమ్మ దాన్ని భుజం మీంచి తీసి, సగం అంబిక మీద కప్పి, మైకు దగ్గరకు వచ్చింది.

"నాకు సెప్పింది కోలారు పక్క రంగమ్మ. కూలికి పోయినచోట సెప్పింది. ఆమెకు ఎవురు సెప్పినారో నాకు తెల్దు. ఈయమ్మ తప్పు రాసింది, మల్ల వచ్చి దిద్దింది. శానామంది దిద్దరు." అంతే చెప్పి దిగింది. చప్పట్లు కొట్టాలా వద్దా అని జనం ఒక క్షణం తడబడ్డారు. తర్వాత చాలాసేపు కొట్టారు.

పోస్టుకార్డులు రావడం ఆ డిసెంబరులో మొదలైంది. కలికిరి నుంచి ఒకటి: 'పదకొండో మాట ఎండాకాలానికి సరిపోదు.' గుర్రంకొండ నుంచి ఒకటి: 'తట్ట బదులు బల్ల వేస్తే ఎట్లా ఉంటుందో చేసి చూశాము, ఇట్లా ఉంది.' కొన్ని కార్డుల్లో అక్షరాలు అడ్డదిడ్డంగా ఉండేవి. సుశీలమ్మ ఇప్పుడు వాటికి సున్నాలు చుట్టేది కాదు. అర్థం కాని మాట ఉంటే, 'ఈ మాటకు మీ పక్క ఏమని అర్థం?' అని జవాబు కార్డు రాసేది. ఏటా కాగితం మారేది. ఇరవై రెండు మాటలు ముప్పై అయ్యాయి, మళ్లీ ఇరవై ఆరు అయ్యాయి. ఆ కార్డుల కట్టలు ఆమె బీరువాలో నాలుగున్నాయి. పఠన మందిరంలో గడిచిన ఏళ్లలో ఏవి మళ్లీ కావాలంటావని ఎవరైనా అడిగితే, పోస్టుమాన్ సైకిలు బెల్లు కొట్టే ఆ పదకొండు గంటలే కావాలంటుంది.

గురప్ప ఆ సభకు రాలేదు. ఆహ్వానం పంపినా రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. రెండువేల రెండులో మాత్రం, ఉపన్యాసం మధ్యలో, చివరి బెంచీ మీద పొడుగాటి మనిషి కనబడ్డాడు. సుశీలమ్మ మాట మరిచిపోయి ఒక క్షణం ఆగింది. సభ అయ్యాక వెతికితే, బూందీ పొట్లం తీసుకుని వెళ్లిపోయాడని చెప్పారు. ఎందుకు వచ్చాడో ఆమె ఎప్పుడూ అడగలేదు. పెద్దపంజాణి పక్క వాన బాగా పడిందని వింటే మాత్రం మనసు తేలికయ్యేది.

సిద్దమ్మ ఆ మరుసటి సంక్రాంతికి పోయింది. రెండువేల అయిదులో ట్రస్టువాళ్లు ఇల్లు అమ్మేశారు. పుస్తకాలు రెండు లారీల్లో ఒక కాలేజీకి పోయాయి. ఆ ఏడు శాలువా ఎవరికీ కప్పలేదు. సుబ్రహ్మణ్యం ఇంట్లో ఒక్క శాలువా మడత విప్పకుండా మిగిలిపోయింది. తర్వాత దాన్ని అతని భార్య ఎవరి శుభకార్యానికో ఇచ్చేసింది. ఇచ్చేసిందని తెలిసి అతను రెండు రోజులు ముభావంగా ఉన్నాడు.

రెండువేల ఏడులో అంబిక కబురు పెట్టింది. పట్టు పరిశ్రమ శాఖలో చిన్న ఉద్యోగం వచ్చింది, కుప్పం రమ్మంది. సుశీలమ్మ పోయింది. అంబిక ఆమెను బస్టాండు దగ్గర కంప్యూటరు సెంటరుకు తీసుకుపోయి, తెర మీద చూపించింది. కాగితం అంతా అక్కడ ఉంది, తెలుగు అక్షరాల్లో. సిద్దమ్మ పేరు, కోలారు రంగమ్మ పేరు, కార్డులు రాసినవాళ్లలో గుర్తున్నన్ని పేర్లు.

"దీన్ని ఎవురన్నా సదవొచ్చక్కా. ఎవురన్నా దిద్దొచ్చు."

"ఎవరన్నానా? తప్పు దిద్దితే?"

"ఇంగొగరు వచ్చి మల్ల దిద్దుతారు. ఎవురు ఎబుడు ఏం మార్చినారో అంతా తెలిసిపోతాది."

సుశీలమ్మ కళ్లద్దాలు సర్దుకుని తెరకు దగ్గరగా వంగింది. "మాకు కార్డు వచ్చేదానికి వారం పట్టేది," అంది. అంబిక నవ్వింది. ఇట్లాంటి పని చేసేవాళ్లకు కూడా ఇప్పుడు ఎక్కడెక్కడో పురస్కారాలిస్తున్నారని, ఆ మాట విన్నప్పుడల్లా తనకు సిటిఎం రోడ్డు బెంచీలు గుర్తొస్తాయని చెప్పింది. తర్వాత ఇద్దరూ బయటికొచ్చి, చాలా ఏళ్ల తర్వాత కలిసినవాళ్లు మాట్లాడుకునేవన్నీ మాట్లాడుకుంటూ ఇడ్లీ తిన్నారు.

తిరుగు బస్సులో పుంగనూరు దగ్గర ఒక రైతు ఎక్కి పక్కన కూర్చున్నాడు. ఒళ్లో తడిగుడ్డ కప్పిన టమోటా నారు. మాటల్లో మాట వచ్చి, నారు వాడకుండా ఎట్లా తెస్తారని ఆమె అడిగింది.

"పీకే ముందు రెండు దినాలు నీళ్లు ఇడిసేది లేదమ్మా. నారు మొండికేస్తాది. అబుడు యాడ నాటినా తట్టుకొంటాది."

సుశీలమ్మ సంచిలోంచి చిన్న నోటుపుస్తకం, పెన్ను తీసింది.

"మొండికేయడమంటే ఏమప్పా? కొంచెం వివరంగా చెప్పు."

రైతు ఆమె వైపు వింతగా చూసి, గుడ్డ తొలగించి, ఒక మొక్కను వేళ్ల మధ్య పట్టుకుని కాడ వంచి చూపించడం మొదలుపెట్టాడు. బస్సు కుదుపులకు అక్షరాలు వంకర్లు పోతున్నాయి. ఆమె అట్లాగే రాసుకుంటూ పోయింది.